క్రూజ్ క్యాబిన్ అప్‌గ్రేడ్: బిడ్ వేసే ముందు డెక్ ప్లాన్ చూడండి

క్రూజ్ బుక్ చేసుకున్న కొన్నాళ్ళకు చాలామందికి ఒక మెయిల్ వస్తుంది. ఇంతకన్నా మంచి గది కావాలా, ఎంత ఇస్తారో మీరే చెప్పండి అని. మా అలాస్కా యాత్రలో అక్కా బావా ఆ మెయిల్‌కు బిడ్ వేశారు, గది వచ్చింది. మేము బిడ్ వేయలేదు, వేరే దారిలో గది మార్చుకున్నాం. ఒకే ఓడ, ఒకే వారం, రెండు గదులూ దగ్గర నుంచి చూశాం. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: గది ఏ రకం అన్నదానికన్నా ఆ గది ఓడలో ఎక్కడుంది అన్నదే ముఖ్యం. బిడ్‌లో మీరు డబ్బు కట్టేది రకానికి మాత్రమే, చోటు వాళ్ళిష్టం.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఓడలో గదులు స్థూలంగా నాలుగు రకాలు: కిటికీ లేని ఇన్‌సైడ్, తెరుచుకోని అద్దం ఉండే ఓషన్ వ్యూ, బాల్కనీ, సూట్. బిడ్ పద్ధతి ఒక్కో కంపెనీలో ఒక్కో పేరుతో ఉంది. రాయల్ కరీబియన్‌లో రాయల్‌అప్ అంటారు, సెలబ్రిటీలో మూవ్‌అప్, నార్వీజియన్‌లో అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్. పేర్లు వేరైనా తీరు దాదాపు ఒకటే. పై రకాల గదుల పేర్లు చూపిస్తారు, ఒక్కోదానికి కనీస మొత్తం, గరిష్ఠ మొత్తం ఉంటాయి, మధ్యలో జరిపే గీత ఒకటి ఉంటుంది. దాన్ని జరిపేకొద్దీ మీ బిడ్ బలహీనంగా ఉందో బలంగా ఉందో రంగు మారుతూ చెప్తుంది. ఆ రంగును మరీ నమ్మకండి, ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో, మీకన్నా ఎక్కువ ఇస్తామన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో అది మీకు చెప్పదు.

అక్కడ కనిపించే అంకె ఒక్క మనిషికి. గదికి కాదు. ఇద్దరుంటే రెట్టింపు పడుతుంది, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు కూడా సాధారణంగా ఇద్దరి లెక్కే వేస్తారు. బావ ఈ సంగతి ముందే చూసుకుని కాగితం మీద లెక్క రాశాడు: మొదట కట్టింది ఎంత, దానికి బిడ్ రెండింతలు కలిపితే ఎంత, అదే రోజు ఆ బాల్కనీ గదిని నేరుగా కొంటే ఎంత. ఈ లెక్క అందరూ తప్పకుండా వేసుకోవాలి. ఎందుకంటే కొన్నిసార్లు బిడ్‌తో వచ్చే మొత్తానికీ మామూలు ధరకూ పెద్ద తేడా ఉండదు. అలాంటప్పుడు నేరుగా మార్చుకుంటే గది నంబరు మీరే ఎంచుకోవచ్చు, బిడ్‌లో అది కుదరదు. బిడ్ ఒప్పుకునేవరకు మార్చుకోవచ్చు, తీసేయవచ్చు. ఒప్పుకున్నాక కార్డు మీద డబ్బు పడిపోతుంది, ఇక వెనక్కి రాదు.

మేము చేసింది ఇంకా సులువు. మొదట ఇన్‌సైడ్ బుక్ చేశాం. ఫైనల్ పేమెంట్ తేదీ, అంటే మిగతా డబ్బంతా కట్టేయాల్సిన తేదీ లోపల మా ఆవిడ వారానికోసారి ధర చూస్తూ ఉండేది, తనకు ఆ ఓపిక ఉంది. ఒక రోజు ఓషన్ వ్యూ ధర బాగా తగ్గి, మేము ఇన్‌సైడ్‌కు ఒప్పుకున్న ధర దగ్గరికి వచ్చేసింది. వెంటనే ఏజెంటుకు ఫోన్ చేసి మార్పించాం. ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే డెక్ ప్లాన్ ముందు పెట్టుకుని ఓడ మధ్యభాగంలో, కింది డెక్‌లో, పైనా కిందా కూడా గదులే ఉన్న నంబరు అడిగి తీసుకున్నాం. ఈ ధర సవరింపు అన్ని దేశాల బుకింగ్‌లకూ, అన్ని రకాల టికెట్లకూ వర్తించదు, తిరిగి ఇవ్వని డిపాజిట్ కట్టి ఉంటే మార్పుకు రుసుము ఉండవచ్చు. మీ షరతులు ఒకసారి చదవండి. కానీ వీలున్నవాళ్ళకు ఇంతకన్నా మంచి అప్‌గ్రేడ్ లేదు.

ఇక బావ కథ. వాళ్ళదీ మొదట కింది డెక్‌లో మధ్యభాగం గదే, కిటికీ లేనిది. అక్కకు బస్సు ప్రయాణమే పడదు, అందుకని ఏరి కోరి తీసుకున్న గది అది. బావకేమో మంచుకొండలు బాల్కనీలో నిలబడి చూడాలని ఎన్నాళ్ళుగానో కోరిక. "నీకంత ఇష్టమైతే వెయ్యి, ఒకటి రెండు రాత్రులు నేను సర్దుకుంటాలే" అంది అక్క. బయలుదేరడానికి కాస్త ముందు మెయిల్ వచ్చింది, బాల్కనీ ఖాయమని. నంబరు చూసి డెక్ ప్లాన్‌లో వెతికితే ఓడ ముక్కు దగ్గర, బాగా పైన. పాత గదే ఉంచమని ఫోన్ చేస్తే కుదరదన్నారు. అదే రకంలో మధ్యభాగం గది ఏదైనా ఇవ్వమంటే ఓడ నిండిపోయిందన్నారు. ఫోన్లో మాట్లాడినావిడ పైగా "బాల్కనీ గదులన్నీ ఒకటేనండీ" అంది. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. ఒకటి కానే కావు.

ఎందుకు కావో చెప్తాను. ఓడ రెండు రకాలుగా ఊగుతుంది. పక్కలకు వాలడం ఒకటి, ముక్కూ తోకా లేచి పడడం ఇంకొకటి. పెద్ద ఓడలకు నీళ్ళలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకు వాలడాన్ని బాగా తగ్గిస్తాయి, కానీ ముక్కు లేచి పడడాన్ని ఆపలేవు. బస్సులో మధ్య సీటుకూ చివరి సీటుకూ కుదుపులో ఎంత తేడా ఉంటుందో, ఓడ మధ్య గదికీ కొస గదికీ అంత తేడా. పైకి వెళ్ళేకొద్దీ ఆ ఊపు ఇంకా పెరుగుతుంది.

దానికి తోడు మాది సియాటిల్ నుంచి బయలుదేరే ఓడ. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే పెద్ద ఓడలు మామూలుగా వాంకూవర్ దీవికి పడమరగా, బయటి పసిఫిక్ మీదుగా పోతాయి. వాంకూవర్ నగరం నుంచి బయలుదేరేవి దీవుల మధ్య మరుగున్న ఇన్‌సైడ్ ప్యాసేజ్‌లో పోతాయి, అక్కడ నీళ్ళు చాలావరకు నిలకడగా ఉంటాయి. మొదటి రాత్రి దాటాక అక్క లేవలేకపోయింది. పొద్దున్నే దిండు పట్టుకుని మా గదికి వచ్చి పడుకుంది, మధ్యాహ్నానికి తేరుకుంది. ఒకే ఓడలో, ఒకే సముద్రం మీద, మా గదిలో గ్లాసులో నీళ్ళు కూడా పెద్దగా కదలలేదు.

రెండోది ఎవరూ చెప్పని విషయం, పొగమంచు హారన్. ముందు ఏమీ కనిపించనప్పుడు కదులుతున్న ఓడ 2 నిమిషాలకు మించకుండా ఒక్కో దీర్ఘమైన కూత వేయాలని అంతర్జాతీయ సముద్ర నిబంధన. అలాస్కాలో పొగమంచు మామూలే. ముక్కు దగ్గర పై డెక్‌లో ఉన్నవాళ్ళకు ఆ కూత నెత్తి మీదే. ఒక రాత్రి చాలాసేపు మోగింది, బావ చెవుల్లో దూది పెట్టుకున్నాడట. మాకు అది ఎక్కడో దూరంగా వినిపించింది, నిజానికి నేను నిద్రపోయాను. హారన్ ఒక్కటే కాదు, గది మీద పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు, గది కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా పాటలు. రెండు గదుల అంతస్తుల మధ్య ఉన్న గది ఎప్పుడైనా నిశ్శబ్దం. పక్క గదికి తలుపు ఉన్న కనెక్టింగ్ గది వద్దనుకోండి, మాటలన్నీ వినిపిస్తాయి.

అయితే బావ డబ్బు దండగ అయిందని నేను అనను. ఎండికాట్ ఆర్మ్ లోపలికి వెళ్ళిన పొద్దుటి పూట ఆ బాల్కనీకి వెల కట్టలేం. అది దాదాపు 50 కిలోమీటర్ల పొడవున్న ఇరుకైన సముద్రపాయ, రెండు వైపులా నిటారుగా రాతి గోడలు, వాటి మీంచి జారే సన్నని జలపాతాలు, నీళ్ళ మీద నీలం మంచు ముక్కలు, చివర డాస్ హిమానీనదం. నలుగురం వాళ్ళ గదిలోనే కూర్చున్నాం. పైన ఓపెన్ డెక్ మీద జనం రెయిలింగ్ దగ్గర చోటు కోసం పోటీ పడుతుంటే మేము దుప్పట్లు కప్పుకుని, వేడి టీ తాగుతూ చూశాం. మంచు విరిగి నీళ్ళలో పడే చప్పుడు ఉరుము లాగా వస్తుంది. డెక్ మీద మనుషుల మాటల్లో అది సగం పోతుంది, బాల్కనీలో పూర్తిగా వినిపించింది. ఎడమ వైపా కుడి వైపా అని మాత్రం బెంగ పెట్టుకోకండి, హిమానీనదం దగ్గర ఓడ నెమ్మదిగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్ళకూ కనిపిస్తుంది.

రేవులున్న రోజుల్లో గదికి పెద్ద విలువ లేదు. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం, స్కాగ్వేలో 1900లో పూర్తయిన వైట్ పాస్ రైలు, కెచికన్‌లో క్రీక్ స్ట్రీట్, అన్నీ బయటే. స్కాగ్వే రైలు నాకు అన్నిటికన్నా నచ్చింది, అది ఒక్కటి ఎవరూ వదలకండి. ఇన్నేసి గంటలు బయట తిరిగి వచ్చాక పడుకోవడానికే గది. పైగా వేసవిలో అక్కడ రాత్రి పది దాకా వెలుగు, తెల్లవారుజామున నాలుక్కే మళ్ళీ వెలుగు. కిటికీ లేని గదిలో నిద్ర బాగా పడుతుంది, దాన్ని తక్కువగా చూడనక్కర్లేదు. కాబట్టి మీ యాత్రలో సముద్రం మీద గడిపే రోజులూ, ఓడ మీంచే చూడాల్సిన చోట్లూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని బాల్కనీకి ఎంత పెట్టాలో తేల్చుకోండి.

బాల్కనీ అన్న మాటలోనే తేడాలున్నాయి. రాయల్ కరీబియన్ వాళ్ళ ఒయాసిస్ తరగతి ఓడల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా ఓడ లోపలి సెంట్రల్ పార్క్ తోట వైపో బోర్డ్‌వాక్ వైపో ఉంటాయి. సెలబ్రిటీ ఎడ్జ్‌లో చాలా గదులకు బయటికి వెళ్ళే బాల్కనీ ఉండదు, పెద్ద అద్దం పై సగం కిందికి దిగుతుంది. కొన్ని ఓషన్ వ్యూ గదుల ముందు లైఫ్‌బోటు అడ్డంగా వేలాడుతుంటుంది. ఇన్‌సైడ్ నుంచి అలాంటి అడ్డున్న కిటికీకి డబ్బు కట్టడం నా దృష్టిలో వృథా. బిడ్ పేజీలో రకం పేరు పూర్తిగా చదవండి, చిన్న అక్షరాల్లో రాసింది కూడా.

సూట్ సంగతి వేరు. నార్వీజియన్‌లో హేవెన్, ఎంఎస్‌సీలో యాట్ క్లబ్ అంటే ఓడలోనే తాళం వేసిన ఇంకో చిన్న ఓడ, విడిగా లాంజ్, రెస్టారెంట్, ఈత కొలను ఉంటాయి. అక్కడికి బిడ్ దొరికితే గది చోటు కాస్త అటూ ఇటూ అయినా పెట్టిన డబ్బుకు విలువ ఉంటుంది, ఎందుకంటే మీరు కొనేది గదిని మాత్రమే కాదు. జూనియర్ సూట్ అనగానే మాత్రం అవన్నీ వచ్చేస్తాయనుకోకండి, రాయల్ కరీబియన్‌లో జూనియర్ సూట్‌వాళ్ళకు సూట్ లాంజ్‌లోకి ప్రవేశం ఉండదు. సూట్‌కు రోజువారీ టిప్పు కూడా ఎక్కువ, అదీ లెక్కలో వేసుకోండి.

ఉచితంగా అప్‌గ్రేడ్ వస్తుందా అని చాలామంది అడుగుతారు. గ్యారంటీ క్యాబిన్ తీసుకున్నవాళ్ళకు అప్పుడప్పుడు వస్తుంది. ఆ పద్ధతిలో రకం మాత్రం ఖాయం చేసి, నంబరు కంపెనీ తర్వాత ఇస్తుంది, ధర కాస్త తక్కువ. పై గది ఖాళీగా ఉంటే పైకి పంపుతారు, లేకపోతే ఎవరూ కోరని మూల గది ఇస్తారు. ఓడ ఊపు పడని మనిషి వెంట ఉంటే దాని జోలికి వెళ్ళకండి. రేవులో చెకిన్ దగ్గర అడిగితే దొరికే అవకాశం తక్కువ. గదికి ఇద్దరి లెక్కన చూస్తే పెద్ద ఓడలు 100 శాతం దాటి నిండుతున్నాయి, మూడో మంచం, నాలుగో మంచం కూడా అమ్ముడవుతాయి కాబట్టి. మర్యాదగా ఒకసారి అడగండి, లేదంటే వదిలేయండి, అక్కడున్నవాళ్ళ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

కుటుంబాలుగా వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. ప్రతి బుకింగ్‌కు బిడ్ విడిగా నడుస్తుంది. పక్కపక్క గదులు తీసుకున్నా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు, లేదా ఇద్దరికీ వచ్చి ఓడ ఆ చివరా ఈ చివరా పడవచ్చు. పెద్దవాళ్ళో చిన్నపిల్లలో వేరే గదిలో ఉంటే నేనైతే బిడ్ వేయను.

గది మారాక బ్యాగుల ట్యాగులు మళ్ళీ ప్రింట్ చేసుకోవడం ముఖ్యం. బావ కొత్తవి తీసి అతికించాడు, అయినా ఒక పెట్టె పాత గది ముందే దిగింది, రాత్రి భోజనాల తర్వాతే దొరికింది. అందుకని మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి. గది మారితే అత్యవసరంలో చేరాల్సిన మస్టర్ స్టేషన్ కూడా మారవచ్చు, పాత మెయిల్‌లో ఉన్నది కాకుండా కొత్త కార్డు మీద ఉన్న అక్షరం చూసుకోండి. 2012లో కోస్టా కాంకార్డియా ఓడ ప్రమాదం తర్వాత, ఓడ బయలుదేరే ముందో బయలుదేరిన వెంటనేనో ప్రయాణికులకు ఆ అత్యవసర డ్రిల్ పూర్తి చేయాలని నిబంధన వచ్చింది, కాబట్టి ఎక్కగానే చేసే మొదటి పని అదే.

అక్క మళ్ళీ అలాస్కా వెళ్తానంటోంది. ఈసారి వాంకూవర్ నుంచి, మధ్యభాగంలో బాల్కనీ, నంబరు తనే ఎంచుకుంటుందట. బిడ్ మెయిల్ వస్తే తెరవొద్దని బావకు ఇప్పటినుంచే చెప్తోంది.