ఏది మేలు: పుస్తకానికో జంటా, సిరీస్ అంతా ఒకే జంటా?

మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా చెల్లెలి కూతురు నా పుస్తకాల బీరువా ముందు చాలాసేపు నిలబడి, "పెద్దమ్మా, పుస్తకానికో జంట ఉండే సిరీస్ మొదలుపెట్టనా, ఒకే జంట కథ సాగేది మొదలుపెట్టనా? రెండూ చదివే తీరిక నాకు లేదు" అని అడిగింది. 2023లో 'ఫోర్త్ వింగ్' అనే నవల వచ్చినప్పటి నుంచి ఫాంటసీ ప్రేమకథల వైపు కొత్తగా మళ్లిన స్నేహితులు కూడా నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదే. ఆ రోజు తోచిన జవాబు చెప్పాను గానీ, అది నాకే తృప్తినివ్వలేదు. పారానార్మల్ రొమాన్స్ నవలలు, అంటే మానవాతీత శక్తులున్నవారి ప్రేమకథలు చదివి, వాటిపై సమీక్షలు రాయడం చాలాకాలంగా అలవాటైన దానిని కాబట్టి, ఈసారి కాస్త నిదానంగా ఆలోచించి జవాబు చెప్పాలనుకుంటున్నాను.

రెండు పద్ధతుల తీరు ఈ పుస్తకాలు చదివేవారికి తెలిసినదే: ఒకదానిలో లోకం అదే ఉండి పుస్తకం పుస్తకానికీ ప్రేమజంట మారుతుంది, రెండోదానిలో ఒకే జంట కథ అన్ని పుస్తకాల్లోనూ సాగుతుంది. పుస్తకానికో జంట అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది నళినీ సింగ్ 2006లో 'స్లేవ్ టు సెన్సేషన్'తో మొదలుపెట్టిన సై-చేంజ్‌లింగ్ సిరీస్. జె.ఆర్. వార్డ్ 2005లో మొదలుపెట్టిన బ్లాక్ డాగర్ బ్రదర్‌హుడ్ కూడా ఆ కోవలోదే. ఒకే జంట పద్ధతికి పట్రీషియా బ్రిగ్స్ 2006లో 'మూన్ కాల్డ్'తో మొదలుపెట్టిన మెర్సీ థాంప్సన్ సిరీస్‌నూ, ఇలోనా ఆండ్రూస్ అనే కలం పేరుతో రాసే భార్యాభర్తలు 2007 నుంచి 2018 దాకా పది పుస్తకాల్లో నడిపిన కేట్ డేనియల్స్ సిరీస్‌నూ తీసుకుంటున్నాను. ఈ రెండూ అర్బన్ ఫాంటసీ (నేటి నగరాల్లో మాయాశక్తులతో నడిచే సాహస కథలు) కిందికి వస్తాయనీ, వీటిని రొమాన్స్ అనకూడదనీ వాదించేవారున్నారు. అందులో కొంత నిజముంది. అయినా ఈ సిరీస్‌లను నేను పుస్తకం తరువాత పుస్తకం చదివింది ఆ ఇద్దరు మనుషుల కోసమే గనుక, ఇక్కడ చేర్చడానికి నాకు సంకోచం లేదు.

పుస్తకానికో జంట పద్ధతిలో ఉన్న పెద్ద సుఖం ముగింపు చేతికందడం. ప్రేమకథే కేంద్రంగా ఉండాలి, ముగింపు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి అని అమెరికా రొమాన్స్ రచయితల సంఘం చెప్పిన రెండు లక్షణాలూ అక్కడ ప్రతి పుస్తకంలోనూ నెరవేరుతాయి. ఆదివారం మొదలుపెట్టిన కథ బుధవారానికి పూర్తవుతుంది. తరువాతి భాగం కోసం ఏడాది ఎదురుచూడనక్కర లేదు. అలాగని ఆ పద్ధతిలో దీర్ఘకాలపు నిరీక్షణలోని రుచి బొత్తిగా ఉండదనుకోవడం పొరపాటు. సై-చేంజ్‌లింగ్ తొలి పుస్తకాల్లో అప్పుడప్పుడు కనిపిస్తూ వెన్నులో చలి పుట్టించిన కేలెబ్ క్రిచెక్ అనే పాత్ర సొంత ప్రేమకథ 2013లో 'హార్ట్ ఆఫ్ అబ్సిడియన్' వచ్చేదాకా రాలేదు. వారపత్రికల్లో సీరియల్ చదువుతూ, 'తరువాయి వచ్చే వారం' అన్న మాట దగ్గర ఆగి పెరిగిన నాలాంటి వారికి ఆ నిరీక్షణ కొత్తదేమీ కాదు, చేదైనదీ కాదు.

సమీక్ష రాసేవారికి కూడా ఆ పద్ధతి అనుకూలం. కథ పూర్తయింది, జంట ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో కళ్లముందు ఉంది, కాబట్టి తీర్పు చెప్పవచ్చు. ఒకే జంట సిరీస్‌లో మొదటి పుస్తకం మీద సమీక్ష రాయడమంటే పెళ్లిచూపుల నాడే కాపురం గురించి చెప్పబూనడం వంటిది. కేట్ డేనియల్స్ తొలి పుస్తకం చదివి అందులో ప్రేమ ఏదని అడిగినవారిని నేను తప్పుపట్టలేను. నాయిక కేట్, నాయకుడు కరన్ దగ్గరయ్యేది 2010లో వచ్చిన నాలుగో పుస్తకంలో.

ఇంతవరకు చూస్తే పుస్తకానికో జంటదే పైచేయి. కానీ నా దృష్టిలో ఈ తరహా నవలల్లో అసలు పరీక్ష మరొకటుంది. అది ఆ ఇద్దరి మధ్య ఉన్న బలాల తేడా. మామూలు ప్రేమకథలో ఒకరికి డబ్బు ఎక్కువ, మరొకరికి తక్కువ. ఒకరిది పెద్ద కులం, మరొకరిది చిన్నది. పారానార్మల్ ప్రేమకథలో ఒకరు మూడు వందల ఏళ్లు బతికినవారు, రెండోవారికి ఇరవై మూడేళ్లు. ఒకరు తలుపును ఒంటిచేత్తో పెకలించగలరు, మనసులోకి చొరబడగలరు, వాసనతోనే అబద్ధాన్ని పసిగట్టగలరు. అంత తేడా ఉన్నచోట 'సరే' అన్న మాటకు విలువ ఎంత? ఆ 'సరే' ఎవరిది?

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో వరూధిని కోరింది ప్రవరుణ్ణి. అతడు కాదని వెళ్లిపోయాక, ఒకప్పుడు ఆమె కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపం ధరించి వచ్చి, తనతో కూడినంతసేపూ ఆమె కళ్లు మూసుకునే ఉండాలని షరతు పెట్టి, ఆమెను పొందాడు. ఆ ఘట్టంలోని పద్యాల అందాన్ని ఎంత మెచ్చుకున్నా, మూసిన ఆ కళ్ల దగ్గర నా మనసు ప్రతిసారీ ఆగిపోతుంది. మాయ ఉన్న ప్రతి ప్రేమకథనూ ఆ షరతును గుర్తుంచుకునే చదువుతాను. ఇక్కడ ఎవరు ఎవరి కళ్లు మూయిస్తున్నారు, తెరిచాక ఏమవుతుంది అని చూస్తాను.

ఈ పరీక్షకు పుస్తకానికో జంట పద్ధతి ఎలా నిలుస్తుందో 'స్లేవ్ టు సెన్సేషన్'లోనే చూడవచ్చు. నాయిక సాషా పుట్టిన, మనోశక్తులు గల సై జాతికి భావోద్వేగమే నేరం. వారి మనసులన్నీ ఒక వలలో ముడిపడి ఉంటాయి. ఆ వలను తెంచుకున్న మనసుకు పోషణ అందక ప్రాణం పోతుంది. చిరుత రూపంలోకి మారగలవారి గుంపుకు నాయకుడైన లూకస్‌ను ప్రేమించి ఆమె బయటికి వచ్చినప్పుడు, అతడితో ముడిపడిన బంధమే ఆమెకు కొత్త ఆధారమై బతికిస్తుంది. చదువుతున్నప్పుడు ఆ ముగింపుకు నాకు కళ్లు చెమర్చాయి. పుస్తకం మూసిన తరువాత మాత్రం ఒక సందేహం వదలలేదు. అతడి బంధం లేకపోతే ఊపిరే ఆగిపోయే మనిషి ఐదేళ్ల తరువాత అతడితో ఏదైనా విషయంలో గట్టిగా విభేదించగలదా? తరువాతి పుస్తకాల్లో సాషా కనిపిస్తుంది, తన శక్తి ఏమిటో తెలుసుకుంటుంది, తల్లి అవుతుంది. కానీ అప్పటికి ఆమె వేరే జంట కథలోకి వచ్చిన చుట్టం. చుట్టాల ఇంటి గొడవలు విస్తరి ముందు తెలియవు కదా. నళినీ సింగ్ ఈ విషయంలో చాలామంది కన్నా జాగ్రత్తగల రచయిత్రి అని నిస్సందేహంగా చెబుతాను. లోపం ఆమె రచనలో లేదు, ఆ పద్ధతిలోనే ఉంది. జంట ఒక్కటైన చోట కథ ఆగాలి, ఆగిన తరువాత వారు సుఖంగానే ఉండి తీరాలి.

ఇందుకు ఎదురుగా నేను పెట్టే ఉదాహరణ సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్'. పాత కథే కాబట్టి విప్పి చెబుతున్నాను. చదవాలనుకునేవారు ఈ పేరాను దాటేయవచ్చు. 2015లో వచ్చిన మొదటి పుస్తకం ఫేరా అనే అమ్మాయికీ, మాయాశక్తులున్న టామ్లిన్‌కీ మధ్య ప్రేమకథ. ఆమెను కాపాడాలన్న అతడి తపనే మనకు అతణ్ణి నచ్చేలా చేస్తుంది. చివరికి ఇద్దరూ ఒక్కటవుతారు. అక్కడితో ఆపితే నిండైన ప్రేమకథే. మరుసటి ఏడాది వచ్చిన రెండో పుస్తకంలో అదే తపన ఆమెను భవనంలో బంధించే దాకా వెళుతుంది. అతడు మాయతో గోడ కట్టి, ఆమె గడప దాటకుండా చేస్తాడు. ఆమె కుప్పకూలుతుంది, అతణ్ణి విడిచి వెళ్లిపోతుంది. టామ్లిన్ రాత్రికి రాత్రే చెడ్డవాడు కాలేదు. మొదటి పుస్తకంలో మనం మెచ్చుకున్న గుణమే, కథ మరికొంత దూరం సాగేసరికి అసలు రూపం చూపింది. ఇదే రచయిత్రి పుస్తకానికో జంట పద్ధతిలో రాసి ఉంటే, టామ్లిన్ ఈనాటికీ మన ఆదర్శ నాయకుల వరుసలో కూర్చుని ఉండేవాడు.

మెర్సీ థాంప్సన్ దగ్గరికి వస్తాను. ఈ వ్యాసంలో నా పక్షపాతం ఎటో ఇక దాచనవసరం లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ట్రై-సిటీస్‌లో కార్లు బాగుచేసే మెకానిక్ మెర్సీ; కయోటీ (తోడేలు కన్నా చిన్నదైన అడవి జంతువు) రూపంలోకి మారగలదు, కానీ తోడేలు మనుషుల ముందు ఆమె బలం ఏ మూలకూ రాదు. పొరుగింటి ఆడమ్ ఆ తోడేళ్ల గుంపుకు నాయకుడు. అతడికి ప్రతి వస్తువూ పద్ధతిగా ఉండాలి. అతడు తన మీద పెత్తనం చేయబోయినప్పుడల్లా ఆమె చేసే పని ఒకటుంది: తన పెరట్లో, సరిగ్గా అతడి కిటికీకి కనపడేచోట, విడిభాగాల కోసం ఉంచిన పాత ఫోక్స్‌వ్యాగన్ రాబిట్ కారుకు ఉన్న చక్రాల్లో ఒకటి ఊడదీస్తుంది. బలం లేని మనిషి బలవంతుడికి 'కాదు' అని చెప్పే పద్ధతి అది. ఆ 'కాదు' విన్న తరువాత అతడు ఏమి చేస్తాడన్నదే ఆ సిరీస్ అంతటా నేను చూసింది.

2008లో వచ్చిన మూడో పుస్తకం 'ఐరన్ కిస్డ్'లో మెర్సీ మీద అత్యాచారం జరుగుతుంది. ఒక్క పుస్తకంలో ముగియవలసిన ప్రేమకథ అయితే, మిగిలిన రెండు మూడు అధ్యాయాల్లో నాయకుడి ఆలింగనంతో ఆ గాయం మానిపోవాలి. ఇక్కడ అలా మానదు. తరువాతి పుస్తకంలోనూ ఆమెను ఉన్నట్టుండి భయం కమ్ముకుంటుంది. ఆడమ్ తన బలాన్నంతా అదుపులో పెట్టుకుని, ఆమె ఎంత దూరం రాగలిగితే అంత దూరంలోనే ఉంటాడు. వారి పెళ్లి 2011లో వచ్చిన ఆరో పుస్తకంలో గానీ జరగదు. కథ అంత వ్యవధి ఇచ్చింది కాబట్టే ఆమె 'సరే' అన్నప్పుడు ఆ మాట ఆమెదేనని నేను నమ్మాను. కేట్ డేనియల్స్‌లోనూ ఇలాంటిదే ఉంది. అట్లాంటా నగరంలోని రూపం మార్చుకునేవారందరికీ ఏలిక అయిన కరన్, ఏడో పుస్తకం చివర కేట్ కోసం ఆ పదవిని వదులుకుంటాడు. ఏడు పుస్తకాల పాటు ఆ పదవి అతడికి ఎంత ముఖ్యమో చూసిన తరువాత వచ్చిన త్యాగం అది. నాలుగు వందల పేజీల్లో దానికి అంత బరువు రాదు.

ఒకే జంట సిరీస్‌లకు లోపాలు లేవని నేను అనను. సాగదీత ఉంటుంది, పాత గొడవనే కొత్త పేరుతో మళ్లీ తెస్తారు, చివరిదాకా నమ్మి వెంట నడిచిన పాఠకులు చివర్లో నొచ్చుకునే ప్రమాదమూ ఉంది. ఒకే కథానాయిక కథగా సాగిన షార్లెయిన్ హారిస్ సూకీ స్టాక్‌హౌస్ సిరీస్ 2013లో పదమూడో పుస్తకంతో ముగిసినప్పుడు, సూకీ ఎవరిని చేరుకోవాలన్న విషయంలో చాలామంది అభిమానులు బాధపడ్డారు. పన్నెండేళ్లు వెచ్చించినవారి బాధను నేను తేలికగా తీసుకోను. నాకూ ఒక చేదు అనుభవముంది. ఒక సిరీస్ తొలి పుస్తకానికి అయిదు నక్షత్రాలిచ్చి, అందరినీ చదవమని పొగిడి రాశాను. మూడో పుస్తకంలో నాయకుడు మంత్రంతో నాయిక జ్ఞాపకాన్ని చెరిపేశాడు. రచయిత దాన్ని ప్రేమగానే చూపారు. నా మాట విని ఆ సిరీస్ కొన్నవారికి నేనే స్వయంగా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒకే జంట సిరీస్ అయితే మూడు పుస్తకాలైనా చదవకుండా నక్షత్రాలు వేయడం మానుకున్నాను. ఒక నోటు పుస్తకంలో బలహీనులు 'కాదు' అన్న ప్రతి చోటా పేజీ సంఖ్య రాసుకుని, పక్కనే బలవంతులు ఆ తరువాత ఏమి చేశారో రాసుకుంటాను. నా సమీక్ష ఆ రెండు వరుసల నుంచే పుడుతుంది.

సిరీస్ ఊసే లేని ఒంటి నవలల గురించి అడిగేవారికి ఒక్క మాట: ప్రయాణంలో చదవడానికి బాగుంటాయి. మూడు భాగాల్లో ముగిసేవి మధ్యేమార్గం. డెబొరా హార్క్‌నెస్ 2011లో 'ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్'తో మొదలుపెట్టి 2014కు పూర్తిచేసిన తొలి మూడు పుస్తకాలు అలాంటివి.

తీరిక బొత్తిగా లేనివారు, ప్రతి పుస్తకం చివరా మనసు కుదుటపడాలని కోరుకునేవారు సై-చేంజ్‌లింగ్‌తో నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. మా చెల్లెలి కూతురికి మాత్రం నేను 'మూన్ కాల్డ్' ఇచ్చాను. ఇచ్చేటప్పుడు, మూడో పుస్తకంలో అత్యాచార ఘట్టం ఉందనీ, ఒంటరిగా ఉన్న రాత్రి దాన్ని చదవవద్దనీ, కావాలంటే ఆ పేజీలు దాటి నాలుగో పుస్తకానికి వెళ్లవచ్చనీ ముందే చెప్పాను. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.