పశువుల కొట్టానికి రెడ్ ఆక్సైడ్ పొడి, అవిసె నూనె: వాడిన తరువాత నా అభిప్రాయం

పలమనేరు దగ్గర మా పశువుల కొట్టంలోని కొయ్య తలుపులకు, గుంజలకు, దూలాలకు పూయడానికి తిరుపతిలోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో, విడిగా తూచి అమ్మే రెడ్ ఆక్సైడ్ పొడిని (ఇనుప తుప్పే అయిన ఎర్ర పొడి), డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ పేరుతో దొరికే అవిసె నూనెను కొన్నాను. ఈశాన్య రుతుపవనాల వానలు వెనుదిరిగాక చూస్తే, ఎప్పుడూ చెమ్మ తగిలే గుంజల అడుగున కూడా బూజు పట్టలేదు. ఎనామిల్ వేసిన పాత తలుపు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుండగా, ఈ రెండూ కలిపి పూసిన రంగు కొయ్యలోకి ఇంకి నిలిచింది.

అమెరికా ఈశాన్య ప్రాంతపు రైతులు తమ ధాన్యపు కొట్టాలకు ఎర్ర రంగు వేయడం వెనుక ఉన్నది ఈ గుణమే. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకొని గట్టిపడి కొయ్యను తడి నుండి కాపాడుతుంది. అందులో కలిపే ఇనుప తుప్పు బూజును, నాచును అడ్డుకుంటుందని అంటారు. ఇనుము అన్నిచోట్లా దొరికేది కావడంతో ఎరుపే అన్నిటికన్నా చౌక రంగు అయింది. స్వీడన్‌లోనైతే ఫాలున్ రాగి గని నుండి వచ్చిన ఎర్రమట్టిని రై అనే ధాన్యపు పిండితో, నీళ్లతో ఉడికించి కొయ్య ఇళ్లకు పూశారు. 1992లో గని మూతపడినా ఆ రంగు నేటికీ అమ్ముడవుతోంది. అప్పటికే తుప్పుగా మారిన ఇనుము కనుక, ఎంత ఎండకూ ఈ ఎరుపు వెలిసిపోదు.

కొనేవారు ఒక్క విషయంలో చాలా జాగ్రత్త పడాలి. పశువులు గుంజలను, తలుపులను నాకుతాయి; సీసం కలిసిన రంగు వాటి ప్రాణం తీయగలదు. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి అమలులో ఉన్నా, అది పారిశ్రామిక రంగులకు వర్తించదు. అందువల్ల ఇనుప గేట్లకు మొదటి పూతగా వేసే ఎర్ర ప్రైమర్‌ను, సీసం లేదని డబ్బాపై స్పష్టంగా లేనప్పుడు, కొట్టంలోకి తేకూడదు. నేను పొడినే ఎంచుకోవడానికి కారణం అదే.

లోపాలూ ఉన్నాయి. ఇది ఆరడానికి ఎనామిల్ కన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. నూనె తగ్గితే ఆవుల ఒంటికి ఎర్రగా అంటుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు కాబట్టి, గడ్డివాము దరిదాపుల్లో ఉంచకుండా నీళ్లలో ముంచి పారవేయాలి. రేకుల పైకప్పుకు మాత్రం ఈ రంగు పనికిరాదు: ముదురు ఎరుపు ఎండను పీల్చుకుంటుంది, మన వేసవికి అక్కడ తెల్ల సున్నమే మేలు.