ఇంట్లో ఒప్పుకోని పెళ్లికి అమెరికా వీసా ‘ప్యాకేజీ’ కొంటున్నారా? జాగ్రత్త

ఒకరు అమెరికా పౌరులు, ఇంకొకరు ఇక్కడ. ఇంట్లోవాళ్లు పెళ్లికి ససేమిరా అంటున్నారు. సరిగ్గా ఇలాంటి జంటల్నే పట్టుకుని ‘పెళ్లి, సర్టిఫికెట్, వీసా అన్నీ మేమే చూసుకుంటాం’ అనే ఏజెంట్లు ఉన్నారు. అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి.

గుళ్లో దండలు మార్పించి, తాళి కట్టించి, ఆ ఫొటోలే ప్రూఫ్‌గా పెట్టి కె-1 ఫియాన్సీ వీసాకి వేసేస్తారు. కె-1 పెళ్లి కానివాళ్లకి! తాళి ఫొటో చూశాక ఆఫీసర్ మీకు పెళ్లయిపోయిందనే అంటాడు, కేసు పోతుంది. పెళ్లయినవాళ్లు వేయాల్సింది ఐ-130, అంటే అమెరికా పౌరులు తమ భార్య లేదా భర్త కోసం వేసే పిటిషన్.

‘ఎవరికైనా రెండు రోజుల్లో రిజిస్ట్రేషన్’ అన్నది ఇంకో మాయ. ఇద్దరూ హిందువులైతే 30 రోజుల నోటీసు గొడవ లేదు, పెళ్లి చేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. ఆర్యసమాజ్ సర్టిఫికెట్‌తో సరిపెట్టకండి. మతం మారకుండా మతాంతర పెళ్లి అంటే 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి: ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి, నోటీసు పడ్డాక మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మీ సొంత జిల్లా వేరైతే నోటీసు కాపీ అక్కడి ఆఫీసు బోర్డు మీద కూడా అంటిస్తారు. ఏజెంటు నోట ఈ ముక్క రాదు.

అన్నిటికంటే ప్రమాదం పెళ్లి ఫొటోల కోసం ఏజెంటు తెచ్చి నిలబెట్టే అద్దె బంధువులు. ఇంటర్వ్యూలో ఫొటో మీద వేలు పెట్టి ‘ఈ పెద్దాయన ఎవరు?’ అంటే బాబాయో మేనమామో తేల్చుకోలేక నీళ్లు నములుతారు. ఆఫీసర్ మోసమని రాస్తే పడేది జీవితాంతపు నిషేధం. అసలు పెద్దలు ఒప్పుకోకపోవడం వీసా ఆపే కారణమే కాదు. ఆ సంగతే ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మీ సంగతి తెలిసిన స్నేహితుల అఫిడవిట్లు, విమాన టికెట్లు, పాస్‌పోర్ట్ స్టాంపులు, పంపుకున్న డబ్బుల రసీదులు జత చేయండి.

వీసాకి కావాల్సిన పోలీస్ క్లియరెన్స్‌కి (మీ మీద కేసులు లేవనే సర్టిఫికెట్) అమ్మానాన్నల అడ్రస్ ఇస్తే కానిస్టేబుల్ విచారణకి ఆ గుమ్మంలోకే రావచ్చు. ముందే పాస్‌పోర్ట్‌లో అడ్రస్ మార్పించుకోండి.

ఐ-130 ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. దానికి ప్రీమియం ప్రాసెసింగ్ (ఎక్కువ ఫీజు కడితే త్వరగా తేల్చడం) లేనే లేదు. ఆ పేరుతో డబ్బడిగితే అక్కడే లేచి వచ్చేయండి. పిటిషన్లు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌లో మీ అకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఫారం నింపినవాళ్ల వివరాల గడి ఖాళీగా ఉంచమంటే సంతకం పెట్టకండి.