సరుకుల ధరలు గంపగుత్తగా ఎక్కించడం: మూడేళ్లు వాడాక

మా కేటరింగ్ కిచెన్‌లో సరుకుల ధరలని ఒక రెసిపీ కాస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఫైల్ రూపంలో ఎక్కించడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. దాని పేరు చెప్పను. ఇక్కడ పడబోయే తిట్లలో సగం దానివైతే మిగతా సగం నావే. పైగా అంతకుముందు ఇలాంటివి ఇంకో రెండు వాడి చూశాను. ఇంపోర్ట్ దగ్గరికొచ్చేసరికి అన్నిటి కథా ఇంచుమించు ఒకటే.

ముందు మంచి చెప్తాను. మాకు నాలుగు వందల పైచిలుకు సరుకులు. చేత్తో కొట్టుకునే రోజుల్లో ధరలు మారాయని తెలిసినా మార్చబుద్ధయ్యేది కాదు. ఆర్నెల్ల కిందటి ధరల మీదే కొటేషన్లు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు నెలకి రెండుసార్లు, సప్లయర్ల ఫైళ్లు మూడూ ఒక షీట్‌లోకి తెచ్చి, సీఎస్వీగా, అంటే విలువల మధ్య కామాలు పెట్టి రాసే మామూలు ఫైల్‌గా, సేవ్ చేసి ఎక్కిస్తే నలభై నిమిషాల్లో పని అయిపోతుంది. సబ్ రెసిపీలతో సహా, అంటే సాస్ ధర మారితే ఆ సాస్ పడే ఇరవై వంటల ఖర్చూ దానంతటదే మారుతుంది. ఈ ఒక్కదానికే డబ్బు కట్టొచ్చు.

అయితే ఆ నలభైలో ఎక్కించడానికి పట్టేది రెండు నిమిషాలే. మిగతాదంతా ఫైల్‌ని కడిగి ఆరబెట్టడం. ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఏ డెమోలోనూ చూపించరు.

వాడగా వాడగా నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఖర్చు పెరిగేలా జరిగిన తప్పు సాయంత్రంలోపు దొరుకుతుంది. తగ్గేలా జరిగిన తప్పు నెలల తరబడి హాయిగా కూర్చుంటుంది. మొదటి నెలలోనే, పన్నెండు లీటరు సీసాలుండే నూనె కేసు ధరని ఒక సీసా ధరగా ఎక్కించేశాను. సలాడ్ డ్రెసింగ్ ఖర్చు చూసి మా మాస్టర్ "అక్కా, ఇందులో నూనె పోస్తున్నామా, బంగారం కరిగించి పోస్తున్నామా?" అన్నాడు. ఐదు నిమిషాల్లో సరిచేశాం, నవ్వుకున్నాం. కానీ ఏదైనా వంట ఖర్చు పదమూడు శాతం తగ్గిందనుకోండి, ఎవరొచ్చి అడుగుతారు? బేరం బాగా ఆడామనుకుంటాం.

పదమూడు శాతం అని ఊరికే అనలేదు. పిండి ధరని గ్రాముకి లెక్కకట్టి ఎక్కించేదాన్ని. గ్రాముకి 0.0346 వచ్చింది. షీట్‌లో ఆ కాలమ్ రెండు దశాంశాలకే కనిపించేలా పెట్టి ఉంది, కాబట్టి కంటికి 0.03 అనే కనిపిస్తుంది. ఎక్సెల్ సీఎస్వీగా సేవ్ చేసేటప్పుడు లోపల దాచుకున్న అంకెని కాదు, తెరమీద కనిపించేదాన్ని రాస్తుంది. అలా 0.03 వెళ్లి కూర్చుంది. బేకరీ సరుకంతా ఒక్క సేవ్‌తో చవకైపోయింది. అప్పట్నుంచి గ్రాము ధర నేను లెక్కకట్టను. ప్యాక్ ధర, ప్యాక్‌లో ఎన్ని, ఒక్కొక్కదాని బరువు లేదా కొలత ఎంత అనే మూడు కాలమ్స్ ఇచ్చి భాగహారం సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తాను. మీరు కొత్తగా మొదలుపెడుతున్నట్టయితే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

ఇదే సేవ్ జబ్బు బార్‌కోడ్లకీ ఉంది. పదమూడు అంకెల కోడ్‌ని ఎక్సెల్ సంఖ్య అనుకుని 8.90123E+12 లాంటి రూపంలోకి కుదించేస్తుంది. సేవ్ చేశాక చివరి అంకెలు మళ్లీ రావు. సున్నాతో మొదలయ్యే కోడ్ల ముందు సున్నాలు మింగేస్తుంది. అందుకే మా సరుకుల కోడ్లన్నీ అక్షరంతో మొదలుపెట్టాం, కూరగాయలకొకటి, పాలసరుకులకొకటి. వెయ్యి దాటిన ధరల్లో కామా ఉంటే ఇంకో గొడవ: ఒకసారి 1,250 అన్నదాన్ని సాఫ్ట్‌వేర్ 1 అని చదివింది. అంత ఘోరమైతే కనిపించింది కాబట్టి బతికిపోయాం.

ఇక యీల్డ్ సంగతి, అంటే శుభ్రం చేశాక సరుకులో వంటకి మిగిలే శాతం. నా అసలు ఫిర్యాదు ఇదే. కిలో వెల్లుల్లి కొంటే పొట్టు తీశాక 800 గ్రాములు మిగిలాయనుకుందాం. కిలో 100 అయితే, వంటలోకి వెళ్లే కిలో 125 పడుతుంది, 120 కాదు. ఇరవై శాతం పోయిందని ఇరవై శాతం కలిపితే సరిపోదు, మిగిలినదానితో భాగించాలి. మొదటి ఏడాది కూర్చుని, స్కేల్ దగ్గర పెట్టుకుని, అరవై రకాల కూరగాయలకీ మాంసానికీ చేపకీ తొక్క, ఎముక తీసి తూచి ఈ శాతాలు కట్టాం. సప్లయర్ల ఫైల్లో అవి ఉండవు, ఉండక్కర్లేదు కూడా. ధరలు మాత్రమే మారుస్తున్నాను కదా అని టెంప్లేట్‌లో యీల్డ్ కాలమ్ ఖాళీగా వదిలి ఎక్కించాను. ఖాళీ అంటే "ముట్టుకోకు" అని నా లెక్క. "డిఫాల్ట్ పెట్టు" అని దాని లెక్క. అరవై సరుకుల యీల్డూ వంద శాతం అయిపోయింది.

రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. ఆ రెండు నెలల కొటేషన్లన్నీ కూరగాయల తొక్క కూడా వడ్డిస్తామన్న లెక్కన ఇచ్చినవే. స్టాక్ లెక్కలు చూసే అబ్బాయి ఒకరోజు వచ్చి "అక్కా, రెసిపీ ప్రకారం ముప్ఫై కిలోలు ఉల్లిపాయ అవ్వాలి, మనం ముప్ఫై నాలుగు కొన్నాం, ఎవరైనా పట్టుకెళ్తున్నారా?" అని గుసగుసగా అడిగితే గానీ బయటపడలేదు. పాపం, ప్రిపరేషన్ వాళ్లని అనుమానించాడు. దొంగ నా ఖాళీ సెల్.

సపోర్ట్‌కి రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు: ఖాళీ సెల్‌కి డిఫాల్ట్ విలువ పడుతుందని హెల్ప్ పేజీలో ఉందట. చూశాను, నిజంగానే ఉంది. ప్రివ్యూ తెర మాత్రం ధర ఎంత మారుతోందో చూపిస్తుంది, యీల్డ్ మారుతోందని చెప్పదు. ఇప్పుడు నేను ముందు సాఫ్ట్‌వేర్ నుంచే మొత్తం డేటా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, అందులో ధరలు మాత్రం మార్చి, తిరిగి అదే ఫైల్ ఎక్కిస్తాను. ఖాళీ అనేదే ఉండదు. ఆ ఎక్స్‌పోర్ట్ కాపీ తేదీతో సహా పక్కన దాచుకుంటాను కూడా.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది, ఇది ఏ గైడ్‌లోనూ దొరకదు. మామూలు సీఎస్వీగా సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. యూటీఎఫ్-8 అని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి. అది అందరికీ త్వరగానే తెలుస్తుంది. తెలియనిది ఏంటంటే, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని కూడా వేస్తాయి. మా షీట్‌లో "ఆలివ్ ఆయిల్" రెండుసార్లు ఉండేది. పెద్దది చేసి చూసినా ఒకేలా ఉండేవి. ఒకదాని చివర ఆ కనిపించని అక్షరం, ఇంకోదానికి లేదు. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేర్వేరు సరుకులు. కొత్త ధర కొత్తదానికి వెళ్లింది, రెసిపీలన్నీ పాతదాన్నే పట్టుకుని ఉన్నాయి. ఇంపోర్ట్ విజయవంతం అని పచ్చగా చూపించింది, వంటల ఖర్చు మాత్రం కదల్లేదు. ట్రిమ్ ఫార్ములా మామూలు స్పేస్‌లనే తీస్తుంది, దీన్ని తీయదు. ఒక గంట నా మీద నాకే అనుమానం వచ్చింది. పేరుతో కాకుండా కోడ్‌తో జతచేయించడం అప్పట్నుంచే.

కొలతల దగ్గర సాఫ్ట్‌వేర్‌ది నిర్లక్ష్యమే. లీటర్లలో కొని గ్రాముల్లో వాడే సరుకుకి సాంద్రత ఇవ్వకపోతే లీటరు అంటే కిలో అనుకుంటుంది, హెచ్చరించదు. లీటరు తేనె దాదాపు 1.4 కిలోలు తూగుతుంది కాబట్టి గ్రాము ధర ఎక్కువగా పడి మా కంటికి ఆనింది. లీటరు నూనె 0.92 కిలోల దగ్గర ఉంటుంది కాబట్టి ఖర్చు ఎనిమిది శాతం తక్కువగా పడి ఏడాది పాటు ఆనలేదు. మళ్లీ అదే కథ. విదేశీ సప్లయర్ల ఫైల్లో గ్యాలన్ అని ఉంటే ఏ గ్యాలనో అడగండి: అమెరికాది 3.785 లీటర్లు, బ్రిటన్‌ది 4.546. ఔన్స్ బరువా, ద్రవమా అన్నదీ అంతే.

తేదీల గురించి ఎక్కువ చెప్పను. సంవత్సరం ముందు పెట్టి 2024-03-04 లాగా రాయండి. లేకపోతే రోజు, నెల తారుమారవుతాయి. పన్నెండు దాటిన రోజులున్న వరుసలే ఎర్రర్ చూపిస్తాయి, మిగతావి చప్పుడు చేయకుండా తప్పు నెలలో పడతాయి. పన్ను కలిపిన ధరా, కలపనిదా అన్నది సప్లయర్‌ని బట్టి మారుతుంది. దానికో కాలమ్ పెట్టుకున్నాను, అయిపోయింది.

నచ్చినవాటిలో ఒకసారి ఎక్కించిన బ్యాచ్ మొత్తాన్ని వెనక్కి తిప్పే బటన్‌కి మొదటి స్థానం. ఇప్పటికి తొమ్మిదిసార్లు నొక్కాను. ధరల చరిత్ర కూడా బాగుంది. ఏ సరుకు ఎప్పుడెప్పుడు పెరిగిందో చూపించి సప్లయర్‌తో మాట్లాడొచ్చు. యాభై అరవై సరుకులున్న చిన్న కిచెన్‌కైతే ఇదంతా అక్కర్లేదు, చేత్తో కొట్టుకోవడమే సుఖం. రెండొందలు దాటితే మాత్రం ఇది లేకుండా కుదరదు.

ఎక్కించే ముందు నా షీట్‌లో చివరగా ఒక కాలమ్ చూస్తాను, పాత ధరకీ కొత్త ధరకీ తేడా శాతం. ఇరవైకి మించి పెరిగితే పసుపు రంగు. ఐదుకి మించి తగ్గితే ఎరుపు. హద్దులు రెండూ సమానంగా ఎందుకు లేవని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. ఉల్లిపాయల సంగతి చెప్పాను.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. ఖాళీ సెల్‌ని ఖాళీగా వదిలేసే ఆప్షన్ పెడితే నాలుగు. అడిగి ఏడాదిన్నర అయింది.