లింకన్‌లో బస బుక్ చేసేవారికి హెచ్చరిక: కొండపైన ఫ్లాట్ చూపించి కొండకింద తాళం ఇస్తున్నారు

ఇంగ్లండ్‌లోని లింకన్ కెథడ్రల్ చూడటానికి వెళ్లాలనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిన్న రాత్రే ఇంటికి చేరాం, కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. అద్దెకిచ్చినవారి పేరు రాయడం లేదు. వాళ్ల దగ్గర ఒకసారి దిగినవారికి ఎవరి సంగతో నాలుగు వాక్యాల్లోనే అర్థమైపోతుంది.

మా మామయ్యగారు గుంటూరు జిల్లాలో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి మాగ్నా కార్టా ఒప్పంద పత్రం ప్రతుల్లో ఇప్పటికి మిగిలిన నాలుగింటిలో ఒకటి లింకన్ కోటలో ఉందని తెలిసినప్పటి నుంచి, మా దగ్గరికి వచ్చాక అది చూడకుండా తిరిగి వెళ్లనని పట్టుబట్టారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఇక లింకన్ సంగతి తెలియనివారికి ఒక్క విషయం చెప్పాలి. కోట, కెథడ్రల్, బెయిల్‌గేట్ వీధి కొండపైన ఉంటాయి. రైల్వే స్టేషన్, హై స్ట్రీట్, బ్రేఫోర్డ్ పూల్ అనే చెరువు కింద ఉంటాయి. రెంటినీ కలిపే రాళ్ల దారి పేరే స్టీప్ హిల్, దాదాపు ఏడడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరిగే దారి. ఆ సంగతి ముందే తెలుసు కనుకనే, అత్తయ్యగారి మోకాళ్ల గురించి రాసి, ‘కింది అంతస్తు, మెట్లు లేవు, కెథడ్రల్‌కు రెండు నిమిషాలు, దారంతా చదును’ అన్న జవాబు అందుకున్న తర్వాతే రెండు రాత్రులకు 340 పౌండ్లు కట్టాను.

రైలు న్యూవార్క్ దాటాక వాట్సాప్‌లో సందేశం వచ్చింది. బాత్రూమ్ పైపు లీకవుతోందట, అందుకని అదే స్థాయిలో ఉండే ఇంకో ఫ్లాట్ ఇస్తున్నారట, అక్కడి నుంచీ కెథడ్రల్ ఐదే నిమిషాలట. కింద చిరునామా, తాళం పెట్టె కోడ్. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. స్టేషన్‌లో దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. హై స్ట్రీట్ పక్క సందులో, కారుతున్న వాన గొట్టం కింద ఆ పెట్టె ఉంది. బిగుసుకుపోయిన మీటలు రెండు చేతులతో నొక్కి నేనే తెరిచాను. లోపల ఫ్లాట్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. పెద్దవాళ్లిద్దరినీ వానలో నిలబెట్టి వాదించడమెందుకని ఆ రాత్రికి సరిపెట్టుకున్నాం.

మర్నాడు ఉదయం స్టీప్ హిల్ మీద గోడవారనున్న ఇనుప కమ్మీ పట్టుకుని, ప్రతి దుకాణం గుమ్మం దగ్గరా ఆగుతూ, అత్తయ్యగారు ఆ ‘ఐదు నిమిషాల’ దారిని ముక్కాలు గంటలో ఎక్కారు. కెథడ్రల్‌కు మాత్రం వంక పెట్టలేను. ఏంజెల్ క్వయర్ అనే తూర్పు భాగంలో స్తంభం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఆ చిన్న రాతి దయ్యాన్ని చూపించినప్పుడు అత్తయ్యగారు నొప్పి మరిచి నవ్వారు. 1185 భూకంపంలో దెబ్బతిన్న ఆ కట్టడాన్ని మళ్లీ లేపడానికి దశాబ్దాలు పట్టింది గానీ, మా ఫ్లాట్‌లో పైపు మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే బాగైపోయిందని ఇంకో గంటలో తెలిసింది.

బయటికి వచ్చాక, మేం దిగవలసిన ఇల్లు ఎలా ఉందో చూద్దామని అటు నడిచాం. ఫొటోల్లో చూసిన నీలం తలుపే. గుమ్మంలో పిల్లల బూట్లు వరసగా ఉన్నాయి, తెరిచిన కిటికీలోంచి ఒకాయన సింకులో కప్పులు కడుగుతూ కనిపించారు. పైపు సంగతి అడిగితే ఆయన వింతగా చూసి, తాము నిన్న మధ్యాహ్నమే దిగామని, నీళ్లు చక్కగా వస్తున్నాయని, ఆ ఫ్లాట్ తమకు మొన్న రాత్రే దొరికిందని మర్యాదగా చెప్పారు. అంటే మేం రైలెక్కక ముందే మా ఇల్లు వేరేవాళ్ల చేతిలో ఉందన్నమాట.

అక్కడే నిలబడి మేనేజరుకు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు. పైపు బాగైందన్నాడు. నిన్న మధ్యాహ్నమే అక్కడ మనుషులు దిగారు కదా అంటే కాసేపు పలకలేదు. తర్వాత, తడబాటు అన్నదే లేకుండా, “మీరు తాళం తీసుకున్నారు కదా మేడమ్, తీసుకుంటే మార్పుకు ఒప్పుకున్నట్టే” అన్నాడు. అత్తయ్యగారి మోకాళ్ల గురించి ముందే రాశానని గుర్తుచేస్తే, “కొండ ఊరికి వచ్చి ఎక్కలేమంటే నేనేం చేయను, నెమ్మదిగా నడిస్తే పెద్దవాళ్లకు మంచి వ్యాయామం” అని నవ్వి పెట్టేశాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. ఇంగ్లీషు అంతగా రాని అత్తయ్యగారు “ఏమంటున్నాడమ్మా?” అని అడిగితే, పొరపాటైంది క్షమించమంటున్నాడని చెప్పాను. మామయ్యగారికి మాత్రం అంతా అర్థమైంది. ఆయన కోట వైపు తల తిప్పుకున్నారు.

బుకింగ్ సైటు వారు ఇంకా ఘనులు. మార్పు సంగతి వాట్సాప్‌లో జరిగింది కనుక తమ దగ్గర ఆధారం లేదని, కోడ్ వాడినట్టు నమోదైంది కనుక బసను స్వీకరించినట్టేనని తేల్చి, మా ‘అసౌకర్యానికి’ తదుపరి బుకింగ్‌లో వాడుకోవడానికి 30 పౌండ్ల కూపన్ పంపారు. దాంతో మళ్లీ వెళ్లి ఆ వాన గొట్టం కిందే నిలబడాలి కాబోలు! ఇన్ని రివ్యూలు చదివి బుక్ చేసిన నా తెలివికి ఆ మాత్రం బహుమతి ఉండాల్సిందే.

లింకన్ వెళ్లేవారు వీధి పేరు ముందే రాయించుకోండి; బెయిల్‌గేట్, కాజిల్ హిల్, మిన్‌స్టర్ యార్డ్ అంటే పైన ఉన్నట్టు, హై స్ట్రీట్ అంటే కింద. ఆఖరి నిమిషంలో ఇల్లు మారిస్తే, తాళం ముట్టకముందే సైటులోని సందేశాల్లో ‘ఒప్పుకోవడం లేదు’ అని రాయండి. వీలైతే క్రెడిట్ కార్డుతో, నేరుగా యజమానికే కట్టండి: 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్న కొనుగోళ్లకు 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. మధ్యలో వేరే సైటు ఉంటే ఆ రక్షణ అందకపోవచ్చు. మేం సైటు ద్వారా, పైగా డెబిట్ కార్డుతో కట్టాం కాబట్టి మాకు మిగిలింది చార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం, ఒక్కటే. ఆ దరఖాస్తు ఈ ఉదయమే బ్యాంకుకు పంపాను, ‘దారంతా చదును’ అన్న వాళ్ల జవాబు కూడా జతచేసి.