మానామ్‌తోనా, రెపుబ్లికాతోనా?

పోలండ్ రాక్ సంగీతాన్ని ఈ రెండు బృందాల్లో దేనితో వినడం మొదలుపెట్టాలి? దానికి 1983 మంచి ప్రవేశద్వారం. 1981 డిసెంబరులో సైనిక పాలన వచ్చినా రాక్ ఆగలేదు. 1983లోనే మానామ్ ఆల్బమ్ 'నోత్స్‌నీ పత్రోల్', రెపుబ్లికా తొలి ఆల్బమ్ 'నోవె సితుయాత్సియె' వచ్చాయి.

మానామ్ బలం గాయని కోరా గొంతు: గుసగుస నుంచి కేక దాకా. వెనక మారెక్ యాత్స్కోవ్‌స్కి గిటారు. భాష రాకపోయినా పట్టేస్తుంది.

రెపుబ్లికా తోరుఞ్ నగరపు బృందం. గ్షెగోష్ చెహోవ్‌స్కి పాడుతూ కీబోర్డు, ఫ్లూటు వాయించేవాడు. తెగ్గొట్టినట్టుండే లయ, నలుపు-తెలుపు వేషం, యంత్రంలా మారిన మనిషి గురించిన మాటలు. అనువాదం లేకుండా వింటే సగం పోతుంది. పేరున్న పాట 'బియావా ఫ్లాగా' ఈ ఆల్బమ్ మొదటి ఎల్పీ రికార్డులో లేదు, విడిగా సింగిల్‌గా వచ్చింది.

ముందు మానామ్ వినండి. కానీ ఆ దశాబ్దపు ఊపిరాడనితనాన్ని పట్టింది మాత్రం రెపుబ్లికానే.