రిసోర్స్‌స్పేస్‌లో యాక్సెస్: ఫైలు మీద పెట్టాలా, గ్రూపు మీద పెట్టాలా?

రిసోర్స్‌స్పేస్ ఫొటోలు, వీడియోలు భద్రపరిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2006లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ అవసరాల కోసం మొదలైంది. ఏ యూజర్ల గ్రూపు ఏ ఫైలు చూడాలో ఇందులో రెండు రకాలుగా చెప్పొచ్చు.

మొదటిది, ఫైలుకే యాక్సెస్ పెట్టడం. ఓపెన్, రిస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్ (అనుమతి లేనివాళ్లకు ఫైలే కనిపించదు) అని స్థాయిలుంటాయి. కస్టమ్ ఎంచుకుంటే గ్రూపుల వారీగా మార్చుకోవచ్చు. ఒకే ఫొటోను డిజైనర్లకు ఓపెన్‌గా, ప్రెస్ వాళ్లకు రిస్ట్రిక్టెడ్‌గా పెట్టామనుకోండి. ప్రెస్ వాళ్లకు ఫొటో కనిపిస్తుంది గానీ, ఒరిజినల్ కావాలంటే రిక్వెస్ట్ పెట్టాలి. ఇంత సున్నితమైన తేడా రెండో పద్ధతిలో రాదు. కానీ కొత్త గ్రూపు చేరిందంటే పాత ఫైళ్లన్నీ మళ్లీ చూసుకోవాలి. అదే పెద్ద టెన్షన్.

రెండోది, గ్రూపుకే సెర్చ్ ఫిల్టర్ పెట్టడం. ‘విభాగం: ప్రచారం’ అని ఉన్నవే ఈ గ్రూపుకు కనిపించాలని ఒక్కసారి చెబితే చాలు, రేపు ఎక్కించే ఫైళ్లకూ అదే వర్తిస్తుంది. చిక్కంతా మెటాడేటాతోనే, అంటే ఫైలు గురించి మనం నింపే వివరాలతోనే. విభాగం నింపడం మర్చిపోతే ఫైలు ఆ గ్రూపుకు దొరకదు. తప్పుగా నింపితే చూడకూడని వాళ్లకు కనిపిస్తుంది. అందుకే ఆ ఫీల్డును తప్పనిసరి చేసి, డ్రాప్‌డౌన్ పెట్టాలి. దాన్ని ఎవరు మార్చగలరో కూడా కచ్చితంగా చూసుకోవాలి. ఆ ఫీల్డు మార్చగలిగినవాళ్ల దగ్గర తాళంచెవి ఉన్నట్టే.

ఫైళ్లు వేలల్లో ఉంటే నేను ఫిల్టర్‌కే ఓటేస్తాను. పిల్లల ఫొటోల్లాంటి వాటికి మాత్రం, ఫిల్టర్ ఉన్నా సరే, ఫైలు స్థాయిలో కాన్ఫిడెన్షియల్ పెట్టాల్సిందే.